షరతుల కాపురం

మురుగు కాలవల అధ్యయనానికి విదేశం వెళ్లిన మా పొగడపూడి మునిసిపల్ చైర్మన్ త్రిమూర్తులుగారు పెళ్లిళ్ల మీద ప్రావీణ్యం సంపాదించుకుని తిరిగొచ్చారు. కాలవల సంగతేంటని అడిగితే, "అక్కడ అవి భూమి కిందుంటాయయ్యా, కనపడవు" అన్నారు. కనపడని వాటిని ఆయన మాత్రం ఏం అధ్యయనం చేస్తారు?

ఆయనకి ఆ దేశంలో కనపడిందల్లా ఆయన బస చేసిన ఇంటి అల్లుడు. అతను ఆ దేశపు అమ్మాయిని పెళ్లాడి, అక్కడే ఉండిపోవడానికి కార్డు సంపాదించాడు. ఆ కార్డు రెండేళ్లే చెల్లుతుంది. ఆ పైన ఉండాలంటే మొగుడూ పెళ్లాం కలిసి 'అయ్యా, మాది దొంగ పెళ్లి కాదు, షరతులు తీసెయ్యండి' అని అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకున్నాక ఎదురుచూడాలి. అల్లుడు ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నాడు. టపా బండి చప్పుడైతే చాలు, కంచం ముందునుంచి ఎంగిలి చేత్తోనే లేచి పరిగెడుతున్నాడు. ఆ పరుగు చైర్మన్‌గారికి తెగ నచ్చేసింది.

"ఎంత క్రమశిక్షణ! ప్రభుత్వోద్యోగికి ప్రొబేషన్ ఉంది. కొత్త రోడ్డుకి గ్యారంటీ ఉంది. పెళ్లికి మాత్రం ఏమీ లేకపోవడం ఏం న్యాయం?" అన్నారు స్వాగత సభలో. కొత్త రోడ్డుకి గ్యారంటీ ఉందన్న సంగతి ఊరివాళ్లకి ఆ రోజే తెలిసింది.

నేను మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా టార్పాలిన్ కింద కూచుని జనానికి అర్జీలు రాసిపెట్టే మనిషిని. రైటరంటారు. పెళ్లి చేసుకోలేదు. అది నా దురదృష్టమని మా వాళ్లంతా అనుకునేవారు, చైర్మన్‌గారి తీర్మానం వచ్చేదాకా.

తీర్మానం సారాంశం ఇది. పొగడపూడిలో కుళాయిలు రోజూ వస్తాయి, చుట్టుపక్కల ఊళ్లలో రెండ్రోజులకోసారి. కాబట్టి బయటివాళ్లు మన నీళ్లకి ఆశపడి మనవాళ్లని పెళ్లి చేసుకుంటున్నారు. ఇకనుంచి పెళ్లి పేరుతో ఊళ్లో అడుగుపెట్టే ప్రతి కోడలికీ, ప్రతి ఇల్లరికపు అల్లుడికీ రెండేళ్ల షరతుల నివాస కార్డు ఇస్తారు. గడువు తీరే ముందు జంటగా వచ్చి, తమ కాపురం నిజమైనదని రుజువు చేసుకుంటే షరతులు తీసేసి శాశ్వత కార్డు ఇస్తారు. రుజువు కాకపోతే పుట్టిన ఊరికి పంపేస్తారు.

దీనికోసం పాత బందెలదొడ్డికి సున్నం కొట్టించి, 'వివాహ యథార్థతా నిర్ధారణ విభాగం' అని బోర్డు పెట్టారు. ఒకప్పుడు పంటల మీద పడ్డ పశువుల్ని కట్టేసిన ఆ కమ్మీలకే ఇప్పుడు మూడు కిటికీలు అమర్చారు. ప్రత్యేకాధికారిగా సదాశివమూర్తిగారు వచ్చారు. విభూతి రేకలు, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. మనిషిని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నోరు విప్పితే చెయ్యి దింపెయ్యాలనిపిస్తుంది.

"ప్రేమకు ఈ విభాగం వ్యతిరేకం కాదు. తగు ఆధారాలతో, నిర్ణీత నమూనాలో సమర్పించిన ప్రేమను సానుభూతితో పరిశీలించడం జరుగుతుంది" అన్నారాయన ప్రారంభోత్సవంలో. జనం చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో పట్టాభి కూడా ఉన్నాడు, పాపం.

పట్టాభి ఆర్టీసీలో కండక్టరు. మా వీధివాడే. ఆ వైశాఖంలోనే కోనసీమ లంకల్లోంచి సత్యవేణిని చేసుకొచ్చాడు. ఆ పిల్ల మాటకి ముందు 'ఆయ్' అని, మాట చివర 'అండి' అని, ఆ రెంటి మధ్యలో ఉన్నదంతా నవ్వుతూ చెబుతుంది. షరతుల కార్డు చేతికిచ్చిన రోజు దానికి పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టింది. మొగుడింట్లో తనకంటూ ఇచ్చిన మొదటి కాగితం కదా అని మురిసిపోయింది.

రెండో నెల ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు కాబట్టి సత్యవేణి పుట్టింటికెళ్లింది. శ్రావణంలో తిరిగొచ్చేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది. ఇద్దర్నీ వెంటబెట్టుకుని నేనే వెళ్లాను.

"వివాహమైన రెండవ మాసంలోనే భార్య భర్తను విడిచి నెల రోజులు వేరుగా నివసించినట్లు మా దృష్టికి వచ్చింది" అన్నారు సదాశివమూర్తిగారు.

"ఆయ్, ఆషాఢం కదండీ!" అంది సత్యవేణి, ఆయనకి మతిమరుపేమో అన్నట్టు.

"ఆషాఢం పంచాంగంలో ఉందమ్మా. నిబంధనావళిలో లేదు."

"మీకు తెలీదాండీ మన ఆచారం?"

"తండ్రిగా తెలుసు. మా అమ్మాయి కూడా నెల్లాళ్లూ మా ఇంట్లోనే ఉంది. అధికారిగా మాత్రం ఆ సమాచారం నాకు అందలేదు" అని, కార్డు వెనకాల 'అనుమానాస్పదం' అని ముద్ర కొట్టారు.

రెండేళ్లు పూర్తికావస్తుంటే జంటగా అర్జీ పెట్టారు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, పక్కింటివాళ్ల వాంగ్మూలాలు, ఇద్దరూ కలిసి తిన్న హోటల్ బిల్లులు, చివరికి ఒకే గొడుగులో తడిసిన ఫోటో కూడా జతచేశాం. రసీదు చేతికిచ్చి వేచి ఉండమన్నారు. బందెలదొడ్డి గోడ మీద నల్లబల్ల ఉంటుంది. కొత్త కార్డులకీ షరతుల తొలగింపుకీ కలిపి ప్రస్తుతం ఏ నెల అర్జీలు చూస్తున్నారో సుద్దముక్కతో దానిమీద రాస్తారు. పట్టాభి రోజూ డ్యూటీకి పోతూ ఆ బల్ల చూసేవాడు. కిందటేడు మార్చి అని ఉంది. తర్వాతి నెలలో ఏప్రిల్ అయింది. ఆ తర్వాతి నెలలో జనవరి అయింది.

"ఇదేంటి సార్, వెనక్కెళ్లారు?" అని అడిగాడు.

"ఏప్రిల్ దరఖాస్తులు పరిశీలిస్తుండగా, జనవరివి సరిగా పరిశీలించామా అన్న సందేహం కలిగింది. నాణ్యత దృష్ట్యా వెనుకకు వెళ్లాం."

"ఇలా పోతే మా పెళ్లి కాకముందుకి పోతారేమో!"

"అవసరమైతే" అన్నారు సదాశివమూర్తిగారు, ఏమాత్రం నవ్వకుండా.

కార్డు గడువు తీరిపోయింది. వెనకాల పొడిగింపు ముద్ర వేశారు. ముద్రకి చోటు చాలక కాగితం అంటించారు. దానిమీద ఇంకో కాగితం అంటించారు. అప్పడంలా ఉన్న కార్డు దిబ్బరొట్టంత మందమైంది. రేషను షాపువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకీ నువ్వీ ఊరి కోడలివా కాదామ్మా?" అని అందరి ముందూ అడిగాడట. ఆ రోజు సత్యవేణి సంచీ ఖాళీగా ఇంటికి తెచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అర్జీలు రాసుకునేవాడి ఒళ్లు మండితే ఎవడికి వేడి తగులుతుంది?

ఎట్టకేలకి ఇంటర్వ్యూకి పిలిచారు. ఇద్దర్నీ చెరో గదిలో కూచోబెట్టి, నిన్న రాత్రి ఏం కూర అని అడిగారు. ఆవిడ బీరకాయ అంది. అతనూ బీరకాయే అన్నాడు. 'జవాబులు ఒకేలా ఉన్నవి, భార్యాభర్తలు ముందుగా మాట్లాడుకున్నట్లు తెలియుచున్నది' అని రాసుకున్నారు. వాళ్ల వెనకాల వచ్చిన జంటలో మొగుడు బెండకాయన్నాడు, పెళ్లాం వంకాయంది. 'ఒకే ఇంట తినుచున్నట్లు లేదు' అని రాసుకున్నారు. మూడో జంట చెరో వీధిలో ఉంటారు, కేవలం కుళాయి కనెక్షన్ కోసం పెళ్లి చేసుకున్నవాళ్లు. వాళ్లకి కూర సంగతేం తెలుస్తుంది? అతను గుర్తులేదన్నాడు, ఆవిడ నీకెందుకయ్యా అని అధికారి మీదే కసిరింది. 'సహజ దాంపత్య లక్షణములు పుష్కలంగా గలవు' అని ఆ పూటే షరతులు తీసేశారు.

ఈ గొడవలో సత్యవేణికి నెల తప్పింది. తొలి కాన్పుకి పుట్టింటికెళ్లాలని ఏ ఆడపిల్లకుండదు? ఆషాఢానికి నెల్లాళ్లు వెళితేనే కార్డు మీద ముద్ర పడింది, కాన్పంటే నెలల తరబడి ఉండాలి. అందుకని ఊరు విడిచి వెళ్లేందుకు అనుమతి కోరుతూ అర్జీ పెట్టాం. దానికి వేరే నల్లబల్ల ఉందన్నారు. ఆ బల్ల మీద ఇంకా ఏమీ రాయలేదు, సుద్దముక్కలకి ఇండెంటు పెట్టారట. నెలలు నిండాయి, అనుమతి రాలేదు. సత్యవేణి మా ఊరి ఆస్పత్రిలోనే ఆడపిల్లని కంది. తల్లి లంకల్లోంచి పథ్యం వండి బస్సులో పంపితే, పట్టాభి టికెట్లు కొడుతూ ఆ క్యారియర్‌ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

పిల్లకి మూడో నెల రాగానే మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి సదాశివమూర్తిగారి బల్లమీద కొత్త సర్క్యులర్ ఉంది. ఆషాఢం గొడవ ఊరంతా పాకడంతో చైర్మన్‌గారు సంప్రదాయ నిపుణుల సలహా సంఘాన్ని వేశారు. వాళ్లు ఆచారాలన్నిటినీ నిబంధనావళిలోకి ఎక్కించారు.

"తొలి కాన్పు పుట్టింట జరగడం మన సంప్రదాయం. ఈ కేసులో అది జరగలేదు. అంటే భార్య పుట్టింటివారు ఈ వివాహాన్ని వివాహంగా పరిగణించడం లేదని భావించవలసి వస్తోంది" అన్నారాయన.

సత్యవేణి కాసేపు ఆయన మొహంలోకే చూసింది. ఒళ్లో పిల్ల నిద్రపోతోంది కాబట్టి గొంతు పెంచలేదు.

"నన్నెళ్లనివ్వంది మీరే కదండీ?"

"ఈ విభాగం ఎవరినీ ఆపలేదు. అనుమతి పరిశీలనలో ఉంది."

"ఎల్తే కాపురం లేదంటారు. ఎల్లకపోతే పుట్టిల్లు లేదంటారు. నేనెక్కడ కనాలండి పిల్లని, ఏటి మధ్యలోనా?"

"అందుకు ప్రత్యేక అనుమతి కావలసి ఉంటుంది" అని, ఆయన నోటీసు చదివారు. షరతుల తొలగింపు తిరస్కరించడమైనది. నెలాఖరులోగా సత్యవేణి పుట్టిన ఊరికి వెళ్లిపోవాలి. శిశువు పొగడపూడిలో పుట్టింది కనుక శాశ్వత నివాసి. శాశ్వత నివాసిని, షరతులున్న వ్యక్తి వెంట ఎవరూ ఊరు దాటించడానికి వీల్లేదు.

అంటే తల్లి వెళ్లాలి, పాలు తాగే పిల్ల ఉండాలి. పట్టాభి టికెట్ల మిషన్ బల్లమీద పెట్టి కూలబడిపోయాడు. రోజూ వందమందిని సర్దుకోండి సర్దుకోండి అని గదమాయించే మనిషి తనే ఓ మూలకి సర్దుకున్నాడు. నేను సదాశివమూర్తిగారి మొహంలో సిగ్గు కోసం వెతికాను. విభూతి రేకలు మాత్రం చెదరకుండా ఉన్నాయి.

ఆయన మాత్రం దయగానే చెప్పాననుకుంటూ మూడో కిటికీ వైపు వేలు చూపించారు. అక్కడ జనమే లేరు. లోపల గుమాస్తా పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"దంపతులైతే నిరీక్షణ తప్పదు. వివాహం యథార్థమైనదై ఉండి, అటుపిమ్మట రద్దయిన పక్షంలో ఒక్కరే దరఖాస్తు చేసుకోవచ్చు. అదే రోజు షరతులు తొలగిస్తాం. కాపురమే లేదు కనుక తనిఖీ చేయవలసిందీ ఉండదు. రద్దు కూడా మా దగ్గరే చేస్తాం. పొలిమేర లోపల మాత్రమే చెల్లుతుంది."

ఆ సాయంత్రం పట్టాభి ఇంటి అరుగు మీద పెద్ద రభస అయింది. "నేను చస్తే సంతకం పెట్టను బాబాయ్! వీళ్ల మొహాన ఉమ్మేసి నేనే దాంతో పాటు లంకలకి పోతా!" అని పట్టాభి గంతులేశాడు.

"ఎలా పోతారండి? మీ ఉద్యోగం ఈ డిపోలోది. పిల్లని తీసుకెళ్లనివ్వరు" అంది సత్యవేణి. పిల్లని భుజాన మార్చుకుంది. "ఊరి లోపల కాగితం మీద ఇడిపోతే ఇడిపోతాం. దీన్నొదిలి ఒక్క పూట నేనుండలేను. రేపు రాసిపెట్టండి బాబాయిగారండి."

మర్నాడు రాశాను. నేను రాసిన అర్జీల్లో నాకు అసహ్యం వేసింది అదొక్కటే. రద్దుకి కారణం రాయాలి. ఏం రాయమంటావంటే పట్టాభి నీ ఇష్టం బాబాయ్ అని మొహం తిప్పేసుకున్నాడు.

"గురక పెడతారని రాయండి" అంది సత్యవేణి.

"నేను గురక పెడతానా?" అన్నాడు పట్టాభి నొచ్చుకుని.

"పెట్టరు. అందుకే అది రాయమంటున్నాను. ఉన్నదేదన్నా రాయిస్తే రేపొద్దున్న మనసులో ఉండిపోద్ది" అంది. అని కళ్లు తుడుచుకుంది. నా కలం ఆగిపోయింది.

మూడో కిటికీ గుమాస్తా పల్లీలు పక్కన పెట్టి పదినిమిషాల్లో పని కానిచ్చాడు. శాశ్వత కార్డుతో పాటు మెరిసే కాగితం మీద ధ్రువపత్రం ఇచ్చారు. 'మీ వివాహము సంపూర్ణముగా యథార్థమైనదని నిర్ధారించి, దాని రద్దును ఆమోదించడమైనది.' రేషను షాపువాడు ఆ కార్డు చూసి బియ్యం మీద మరో గుప్పెడు వేశాడట. పట్టాభి అధికారికంగా తన ఇంటి అరుగు మీద అద్దెకుంటున్నాడు. ఊరి లోపల తాళి బయటికి కనపడకూడదని నియమం, అందుకని సత్యవేణి దాన్ని జాకెట్లోకి దోపుకుంది.

కిటికీ సంగతి తెలిసి ఊరు ఊరంతా ఎగబడింది. మొదట కొత్త జంటలు, తర్వాత పిల్లల తల్లులు వచ్చారు. తీర్మానాన్ని పాత పెళ్లిళ్లకి కూడా వర్తింపజేశాక ముసలాళ్లు కర్రలు పొడుచుకుంటూ వచ్చారు. మొదటి రెండు కిటికీల దగ్గర గుమాస్తాలు నిద్రపోయేవారు, మూడోదాని ముందు తోపులాట జరిగేది. సదాశివమూర్తిగారి భార్యది కూడా పక్క జిల్లాయే. నిబంధనలకి తాను అతీతుణ్ని కాదని ఆయన గర్వంగా చెప్పుకుని, వరసలో నిలబడి, తన విడాకులకి తానే సంతకం పెట్టుకున్నారు.

ఆర్నెల్లు తిరగ్గానే చైర్మన్‌గారికి సన్మానం జరిగింది. "నేడు పొగడపూడిలో ఒక్క దొంగ పెళ్లి కూడా లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!" అన్నారు. నిజమే. అసలు పెళ్లే లేదు. ఈ విజయాన్ని అధ్యయనం చెయ్యడానికి పొరుగు మునిసిపాలిటీల చైర్మన్లు కార్లలో వచ్చారు. సభాస్థలి ముందు పొంగుతున్న మురుగు కాలవని పంచెలెత్తుకుని దాటి, లోపలికెళ్లి దండలేశారు.

అక్కడితో ఆగితే అది మా మునిసిపాలిటీ ఎందుకవుతుంది? విడాకులు తీసుకున్నవాళ్ల ఇళ్లలో రాత్రిళ్లు నవ్వులు వినపడుతున్నాయని ఎవరో ఫిర్యాదు చేశారు. వెంటనే విడాకుల యథార్థతా ఉపవిభాగం వెలిసింది. ఇకపై విడాకులకి కూడా రెండేళ్ల షరతులుంటాయి. గడువు తీరే ముందు మాజీ దంపతులు జంటగా వచ్చి, తాము కలిసి లేమని రుజువు చేసుకోవాలి. లేదంటే కార్డు రద్దు. నల్లబల్లల సంఖ్య మూడైంది.

పట్టాభి కూతురి మొదటి పుట్టినరోజు సత్యవేణి పుట్టింట్లో చేశారు. ఇప్పుడు తల్లిది శాశ్వత కార్డు కాబట్టి పిల్లని ఊరు దాటించడానికి అడ్డులేదు. నన్నూ రమ్మన్నారు. ఆదివారం పొద్దున్న పట్టాభి డ్యూటీలో ఉన్న లంకల బస్సే ఎక్కాం. కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లంతా ముందు, మగవాళ్లంతా వెనక, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనట్టు కూచున్నారు. పొలిమేర రాయి దాటగానే పట్టాభి ఈల ఊదాడు. బస్సు బస్సంతా లేచింది. మగాళ్లు ముందుకొచ్చారు, ఆడవాళ్లు పక్కకి జరిగి చోటిచ్చారు, జాకెట్లలోంచి తాళిబొట్లు బయటికొచ్చాయి, ఎవరో ముసలాయన పెళ్లాం కొంగుతో చెమట తుడుచుకున్నాడు. ఆ గందరగోళం సర్దుకున్నాక చూస్తే, మూడో సీట్లో సదాశివమూర్తిగారు తన మాజీ భార్య పక్కన కూచుని డబ్బాలోంచి పులిహోర తింటున్నారు.

సత్యవేణి పిల్లని నా ఒళ్లో కూచోబెట్టి ఆయన దగ్గరికెళ్లింది.

"ఆఫీసరుగారండీ, ఇప్పుడు చెప్పండి. మాది నిజం పెళ్లేనాండి?"

ఆయన మింగి, మూతి తుడుచుకుని, "పొలిమేర దాటాం కదమ్మా. ఇక్కడ నాకు అధికారం లేదు" అన్నారు. పక్కనున్నావిడ ఆయన వైపు చూసి, డబ్బా మూతపెట్టేసి కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చాం. పొలిమేర రాయి కనపడగానే పట్టాభి నీరసంగా, "ఊరొస్తోంది, సర్దుకోండి" అన్నాడు. మళ్లీ అందరూ లేచారు. మగాళ్లు వెనక్కెళ్లారు. తాళిబొట్లు లోపలికెళ్లాయి. ఒక్క సత్యవేణి మాత్రం కండక్టరు సీట్లో మొగుడి పక్కన అలాగే కూచుంది. పిల్ల ఆవిడ తాళి పట్టుకుని ఆడుకుంటోంది.

బస్సు రాయి దాటింది. సదాశివమూర్తిగారికి అధికారం తిరిగొచ్చేసింది. లేచి నిలబడి, కమ్మీ పట్టుకుని, ఆ నెమ్మదైన గొంతుతోనే అడిగారు.

"అమ్మా, ఇది తనిఖీగా భావించండి. మీ విడాకులు యథార్థమైనవేనా?"

పట్టాభి వద్దన్నట్టు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. కార్డు పోతుంది. మళ్లీ మొదటి కిటికీ, మళ్లీ నల్లబల్ల, మళ్లీ నెలాఖరు. అదంతా ఆవిడకీ తెలుసు.

"కాదండి, దొంగవి. పెళ్లే నిజం. ఆయన గురక పెట్టరు. రాసుకోండి" అంది సత్యవేణి.

సదాశివమూర్తిగారు చొక్కా జేబు తడుముకున్నారు. పులిహోర డబ్బాతో పాటు పెన్ను కూడా భార్య సంచీలో ఉన్నట్టుంది. ఆవిడ సంచీ మీద చేతులు కట్టుకుని కూచుంది, ఇటు తిరగలేదు. ఆయన బస్సంతా చూసి పెన్నుందా అని అడిగారు. ఎవరి దగ్గరా లేదట. ఆయన నా జేబులో ఉన్న రెండింటినీ చూపిస్తే, రెండూ రాయవని చెప్పాను. ఒక్క పట్టాభి చెవి మీద మాత్రం పెన్నుంది. దాన్ని అడగడానికి ఆయనకి నోరు రాలేదు.